పెట్టె నంద్యాల బస్సెక్కే ముందు...

కంప్యూటర్ తెర మీద బొమ్మలు ఉన్నట్టుండి పెద్దవైపోతాయి. అక్షరాలు అలుక్కుపోతాయి. 'డ్రైవర్ ఇన్‌స్టాలేషన్ ఫెయిల్డ్' అని ఓ కిటికీ తెరుచుకుంటుంది. ఇంట్లోవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. 'కార్డు పోయింది' అంటారొకరు. 'ఫార్మాట్ కొట్టాల్సిందే' అంటారింకొకరు. నిజానికి చాలాసార్లు పోయింది కార్డూ కాదు, కంప్యూటరూ కాదు. ఒక చిన్న దుబాసీ తప్పిపోయాడంతే. అతణ్ని వెతికి తెచ్చుకోవడం ఎలాగో తెలిస్తే... పెట్టె గడప దాటక్కర్లేదు!

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. ఆళ్లగడ్డలో ఓ శిల్పి ఇల్లు ఊహించుకోండి. ముందు వసారాలో సగం చెక్కిన నరసింహస్వామి. లోపలి గదిలో ఎనిమిదేళ్ల కిందట కొన్న కంప్యూటర్. పగలంతా ఉలి పట్టిన చేత్తోనే ఇంటిపెద్ద రాత్రిళ్లు మౌసు పడతాడు. ఏ ఊరి గుడికి ఏ విగ్రహం చేశాడో, ఆ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. కొత్తగా విగ్రహం కావాలని వచ్చినవాళ్లకు చూపించేదీ వాటినే.

ఆ రాత్రి తెర మూలన ఓ సందేశం... 'మీ గ్రాఫిక్స్ డ్రైవర్‌కు అప్‌డేట్ వచ్చింది'. మంచిదేగా అనుకుని సరే నొక్కాడు. తెర రెండుసార్లు రెపరెపలాడింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది!

కరెంటు వచ్చాక కంప్యూటర్ తెరుచుకుంది. కానీ పాత తెర కాదది. గుర్తులన్నీ అప్పడాలంత ఉన్నాయి. ఫొటో తెరిస్తే స్వామి ముఖం సాగిపోయి కనిపిస్తోంది. పక్కింటి కుర్రాణ్ని పిలిచారు. అతను నెట్‌లో అన్నిటికంటే కొత్త డ్రైవర్ ఏదో చూసి దించాడు. నడిపించాడు. 'తగిన గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ కనిపించలేదు' అని వచ్చింది. కుర్రాడు తేల్చేశాడు.

''కార్డు పోయిందన్నా. కొత్తది వేసి, ఫార్మాట్ కొట్టియ్యాల. రేపు నంద్యాలకు ఎత్తుకపో.''

నంద్యాల ఎంతో దూరం కాదు. శిరివెళ్ల మెట్ట మీదుగా 40 కిలోమీటర్ల చిల్లర. ఆళ్లగడ్డవాళ్లకు చదువుకైనా, ఆసుపత్రికైనా, కంప్యూటర్ బాగుచేయించడానికైనా గుర్తొచ్చే పెద్ద ఊరు. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం కూడా. తెల్లారితే పెట్టెను దుప్పట్లో చుట్టి బస్సెక్కించడమే తరువాయి. కానీ ఇంటామెకు ఒకటే దిగులు.

''ఫార్మాటంటే... ఫొటోలు ఉంటాయా, పోతాయా?''

అసలు ప్రశ్న అదే. శిల్పం చెక్కడం పూర్తయితే లారీ ఎక్కి వెళ్లిపోతుంది. ఆళ్లగడ్డ విగ్రహాలు ఇతర రాష్ట్రాలకూ విదేశాలకూ వెళ్తుంటాయి. చెక్కినవాడి ఇంట్లో మిగిలేది ఫొటో ఒక్కటే. అదీ పోతే?

నంద్యాలలో ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటున్న కూతురికి ఫోన్ వెళ్లింది. అన్నీ విని ఆ అమ్మాయి చెప్పిన మొదటి మాట...

''నాయనా, పెట్టె ఎత్తొద్దు. తెర మీద ఏమన్నా కనపడ్తాందా లేదా, ముందు అది చెప్పు.''

కనపడుతోంది. అంటే సగం గెలిచినట్లే!

బండి తోలేవాడు కాదు... దుబాసీ

డ్రైవర్ అనగానే మనకు స్టీరింగ్ పట్టుకున్న మనిషి గుర్తొస్తాడు. కంప్యూటర్ డ్రైవర్ పని వేరు. ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దరి మధ్య కూర్చుని మాట చేరవేసే దుబాసీ లాంటివాడు. ఇక్కడ ఆ ఇద్దరిలో ఒకరు విండోస్. ఇంకొకరు గ్రాఫిక్స్ కార్డు. 'ఈ ఫొటో చూపించు' అని విండోస్ అంటుంది. ఏ చుక్క ఏ రంగులో వెలగాలో కార్డు లెక్కకడుతుంది. మధ్యలో మాట మార్చి చెప్పేది డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్.

ఆ పని చిన్నదేం కాదు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు. సాధారణంగా సెకనుకు 60 సార్లు తెర కొత్తగా గీసుకుంటుంది. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కల లెక్క!

మరి దుబాసీ లేకపోతే? విండోస్ చీకట్లో కూర్చోదు. 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని తన దగ్గరుండే ఒక పొడిపొడి మాటల దుబాసీని కూర్చోబెడుతుంది. అతనికి రెండు మూడు ముక్కలే వచ్చు. అందుకే గుర్తులు పెద్దవిగా, వీడియోలు నత్తనడకగా, బొమ్మలు సాగినట్లుగా కనిపిస్తాయి. ఆళ్లగడ్డ ఇంట్లో జరిగింది అదే. తెర అలా ఉందంటే కంప్యూటర్ చచ్చిపోయిందని కాదు. తాత్కాలిక ఏర్పాటుతో నెట్టుకొస్తోందని అర్థం.

ఎందుకు మొరాయిస్తుంది?

2000ల్లో కంప్యూటర్ కొంటే దాంతోపాటు మదర్‌బోర్డు సీడీ ఒకటి ఇచ్చేవారు. చాలా ఇళ్లలో దాన్ని పెళ్లి వీడియో క్యాసెట్ల పక్కన షోకేసులో దాచేవారు. డ్రైవర్లన్నీ అందులోనే. ఇప్పుడు సీడీ లేదు. డ్రైవర్ నెట్‌లోంచి దానంతటదే దిగుతుంది. సౌకర్యమే కానీ చిక్కులూ ఉన్నాయి.

మొదటిది, కరెంటు. డ్రైవర్ మార్చడమంటే పాత దుబాసీని లేపి కొత్తవాణ్ని కూర్చోబెట్టడం. ఆ మధ్యలో కరెంటు పోతే పాతవాడు లేచిపోయి ఉంటాడు, కొత్తవాడు కూర్చుని ఉండడు. యూపీఎస్ లేని ఇంట్లో డ్రైవర్ అప్‌డేట్ పెట్టడం వానొచ్చే వేళ వడియాలు పెట్టడమే!

రెండోది, రెండు చేతుల తొందర. మనం ఒక డ్రైవర్ వేస్తుంటే, వెనకాల విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన ఇంకో డ్రైవర్‌ను దించుతుంటుంది. ఒకే కుర్చీకి ఇద్దరు పోటీ.

మూడోది, పాత డ్రైవర్ తాలూకు ముక్కలు. కొన్ని ఫైళ్లు మిగిలిపోయి కొత్తదాన్ని అడ్డుకుంటాయి.

నాలుగోది, చోటు. డ్రైవర్ ప్యాకేజీ వందల ఎంబీలు ఉంటుంది. విప్పుకుంటే ఇంకా పెద్దది. సీ డ్రైవ్ నిండిపోతే మధ్యలో ఆగిపోతుంది.

అయిదోది, ల్యాప్‌టాప్‌ల తంటా. కొన్ని కంపెనీలు డ్రైవర్‌ను తమ మోడల్‌కు తగ్గట్లు మార్చుకుంటాయి. అలాంటప్పుడు చిప్ తయారీదారు ఇచ్చే మామూలు డ్రైవర్ 'ఈ కంప్యూటర్‌కు ఇది పరీక్షించినది కాదు' అంటూ ఆగిపోవచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లోనే మోడల్ నంబరు కొట్టి దించుకోవాలి.

ఆరోది, చాలామందిని పక్కదారి పట్టించేది... కార్డు వయసు. పక్కింటి కుర్రాడు తప్పులో కాలేసింది ఇక్కడే.

'కనిపించలేదు' అంటే 'పోయింది' అని కాదు

ప్రతి డ్రైవర్ ప్యాకేజీలోనూ ఒక జాబితా ఉంటుంది. ఏయే కార్డుల కోసం దాన్ని రాశారో ఆ నంబర్లన్నీ అందులో ఉంటాయి. ఇన్‌స్టాలర్ ముందుగా మన కంప్యూటర్‌లోని కార్డు నంబరు ఆ జాబితాలో ఉందో లేదో చూస్తుంది. లేకపోతే 'తగిన హార్డ్‌వేర్ కనిపించలేదు' అంటుంది. పెళ్లి పత్రికల్లో మన పేరు లేనంత మాత్రాన మనం లేనట్టా? ఇదీ అంతే.

ఆ ఇంట్లో ఉన్నది ఎన్విడియా జీటీఎక్స్ 1050. 2016లో వచ్చిన రకం. ఎన్విడియా తన జీటీఎక్స్ 900, 1000 వరుస కార్డులకు మామూలు డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబర్‌తో ముగించింది. అక్కణ్నుంచి 2028 అక్టోబర్ దాకా భద్రతకు సంబంధించిన మరమ్మతులు మాత్రం ఇస్తానంది. ఈ కార్డులకు 580 తరం డ్రైవర్లే ఆఖరు. 581తో మొదలయ్యే నంబర్లూ ఆ తరంలోవే. కుర్రాడు దించింది దాని తర్వాతి తరం. అందులో ఈ కార్డు పేరే లేదు. కార్డు దుక్కలా ఉంది, జాబితా మారిందంతే!

ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. ఇంటెల్ 2022లో తన 6 నుంచి 10వ తరం ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌ను పాత తరాల కింద వేరుచేసింది. ఏఎండీ కూడా పాత కార్డులకు వేరే డ్రైవర్లు ఇస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి వినియోగదారులకు భద్రతా అప్‌డేట్ల గడువును 2026 అక్టోబర్ 13 దాకా ఇచ్చింది. కాబట్టి పాత కంప్యూటర్ ఉన్న ఇళ్లలో 'అప్‌డేట్ కాలేదు' అనే మాట మునుపటికంటే ఎక్కువగానే వినిపిస్తుంది. దానర్థం కొత్తది కొనాలని కాదు. సరైన పాత డ్రైవర్ పట్టుకోవాలని!

పెద్దలకూ తప్పలేదు

ఇంత చిన్న సాఫ్ట్‌వేర్ ఇంత యాగీ చేస్తుందా అనిపించొచ్చు. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ల పద్ధతే మారిపోయింది. కంపెనీలు కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది మైక్రోసాఫ్ట్ లెక్కగట్టిన విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతం ఎన్విడియా డ్రైవర్ల వల్లేనని తర్వాత ఓ కోర్టు కేసులో బయటపడిన పత్రాలు చెప్పాయి. కొత్త కంప్యూటర్ కొని 'ఇదేం పీడ' అని తల పట్టుకున్నవాళ్లలో చాలామందికి అసలు దోషి డ్రైవరని తెలియనే తెలియదు.

2024 జులై 19 ఇంకా పెద్ద పాఠం. అది గ్రాఫిక్స్ డ్రైవర్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్. అదీ డ్రైవర్ లాగే విండోస్ లోలోపల కూర్చుని పనిచేసేదే. దానికి పంపిన ఓ అప్‌డేట్ ఫైలులో తప్పు దొర్లింది. ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు!

మరి ఆ కంప్యూటర్లను పారేశారా? ఫార్మాట్ కొట్టారా? లేదు. చాలాచోట్ల సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలునూ తీసేశారు. లేచి కూర్చున్నాయి. విమానాశ్రయంలో పనిచేసిన ఆ సేఫ్ మోడే ఆళ్లగడ్డ ఇంట్లోనూ అక్కరకొస్తుంది.

ముందు ఫొటోలు, తర్వాతే మరమ్మతు

కూతురు ఫోన్‌లో చెప్పిన వరసను ఎవరైనా పాటించొచ్చు. తెర మీద ఎంత వికారంగానైనా సరే, ఏదో ఒకటి కనిపిస్తోందంటే మొదటి పని డ్రైవర్ కాదు. పెన్‌డ్రైవో, బయటి హార్డ్ డిస్కో పెట్టి ఫొటోలు, చదువు కాగితాలు, లెక్కల ఫైళ్లు నకలు తీసుకోవడం. గుర్తులు అప్పడాలంత ఉన్నా కాపీ అవుతాయి. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో పెట్టుకున్నవి మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ఫార్మాట్ కొడితే ముందుగా ఎగిరిపోయేవి అవే. ఆ తర్వాతే మిగతా పనులు.

ఒకటి... రీస్టార్ట్. వినడానికి చిన్నదే, కానీ సగంలో ఆగిన అప్‌డేట్లు కొన్ని దీంతోనే పూర్తవుతాయి. విండోస్ అప్‌డేట్ ఏదైనా నడుస్తుంటే దాన్ని ముగియనివ్వాలి.

రెండు... తెర మాత్రమే బిగుసుకుపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలు పట్టుకుని 'బి' నొక్కాలి. తెర ఒక్కసారి ఆరి వెలుగుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. తెరిచి ఉన్న ఫైళ్లకు ఏమీ కాదు.

మూడు... ఏ కార్డు ఉందో చూడటం. స్టార్ట్ బటన్ మీద కుడి నొక్కు నొక్కి డివైస్ మేనేజర్ తెరవాలి. 'డిస్‌ప్లే అడాప్టర్స్' కింద పేరుంటుంది. బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనే ఉంటే దాని ప్రాపర్టీస్‌లో 'డీటెయిల్స్'కు వెళ్లి 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోవాలి. అక్కడ 'వెన్' అన్న మూడక్షరాల తర్వాత 10డీఈ ఉంటే ఎన్విడియా, 1002 ఉంటే ఏఎండీ, 8086 ఉంటే ఇంటెల్. కార్డు తన ఇంటిపేరు తానే చెప్పుకుందన్నమాట. దుబాసీ లేకపోయినా ఈ ఇంటిపేరు కనిపిస్తోందంటే విండోస్ ఆ కార్డును గుర్తుపట్టిందని అర్థం.

నాలుగు... 'రోల్ బ్యాక్ డ్రైవర్'. అదే ప్రాపర్టీస్‌లో 'డ్రైవర్' అనే చోట ఉంటుంది. కొత్తది వేశాక తంటా మొదలైతే ఇది పాతదాన్ని తిరిగి తెస్తుంది. ఆ బటన్ వెలవెలబోయి ఉంటే పాతది మిగల్లేదని అర్థం.

అయిదు... శుభ్రంగా మళ్లీ వేయడం. ఎన్విడియా ఇన్‌స్టాలర్‌లో 'కస్టమ్' ఎంచుకుంటే 'క్లీన్ ఇన్‌స్టలేషన్' అని ఉంటుంది. ఏఎండీలో అదే పనికి 'ఫ్యాక్టరీ రీసెట్' ఉంది. పాతవన్నీ ఊడ్చి కొత్తది వేస్తాయి. డ్రైవర్‌ను మాత్రం కార్డు కంపెనీ లేదా ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్ నుంచే, కార్డు పేరు, విండోస్ రకం సరిచూసుకుని దించుకోవాలి.

సేఫ్ మోడ్‌లో చివరి మందు

అప్పటికీ కుదరకపోతే 'డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డీడీయూ అంటారు. పాత డ్రైవర్ తాలూకు ప్రతి ముక్కనూ ఏరిపారేస్తుంది. విగ్రహానికి కొత్త పీఠం కట్టే ముందు పాత సున్నం గీకేసినట్లు!

దీన్నీ, వేయబోయే సరైన డ్రైవర్‌నూ ముందే దించి పెట్టుకోవాలి. తర్వాత ఇంటర్నెట్ తీసేయాలి. లేదంటే ఊడ్చిన మరుక్షణమే విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను దించేస్తుంది. ఇప్పుడు షిఫ్ట్ మీట పట్టుకుని 'రీస్టార్ట్' నొక్కాలి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్... అక్కడ రీస్టార్ట్ ఇచ్చి 4 అంకె నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. డీడీయూ నడిపి, మళ్లీ మామూలుగా తెరిచి, డ్రైవర్ వేసి, అప్పుడు ఇంటర్నెట్ పెట్టుకోవాలి.

విండోస్ దాకా వెళ్లకుండానే తెర నల్లబడుతోందా? కంపెనీ లోగో కనిపించాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనే మరమ్మతు తెర చూపిస్తుంది. అక్కణ్నుంచీ సేఫ్ మోడ్‌కు దారి ఉంది.

ఒక్క జాగ్రత్త. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటుంది. సేఫ్ మోడ్‌కు వెళ్తుంటే 48 అంకెల తాళంచెవి అడగొచ్చు. అది మామూలుగా మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ అంకెలు లేకుండా తాళం పడితే లోపలున్న ఫొటోలు మనకే అందవు.

అసలే బొమ్మ రాకపోతే?

అప్పుడు చూడాల్సింది పెట్టె వెనకాల. మానిటర్ కేబుల్ కార్డుకు పెట్టాలో, మదర్‌బోర్డుకు పెట్టాలో తెలియక తికమకపడేవాళ్లు ఎక్కువ. కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబుల్ కార్డుకే ఉండాలి. కార్డు మీద అనుమానమొస్తే పరీక్షకు కేబుల్ తీసి మదర్‌బోర్డుకు పెట్టి చూడొచ్చు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న రకమైతే బొమ్మ రావచ్చు. అప్పుడు ఫొటోలు నకలు తీసుకోవచ్చు.

నిజంగా కార్డే చెడిపోతోందని తెలిసేదెలా? విండోస్ ఇంకా మొదలుకాక ముందే, కంపెనీ లోగో తెర మీదే రంగు చారలూ చుక్కలూ కనిపిస్తే అది డ్రైవర్ తప్పు కాదు. డ్రైవర్ అప్పటికింకా నిద్రే లేవలేదు! శుభ్రంగా డ్రైవర్ వేశాకా డివైస్ మేనేజర్‌లో 'కోడ్ 43' వదలకపోయినా కార్డును అనుమానించాల్సిందే. అప్పుడు నంద్యాల వెళ్లాల్సిందే. అదీ దుమ్ము దులిపి, కార్డు తీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి చూశాక. చేయి పెట్టేముందు ప్లగ్గు పీకేయడం మాత్రం మరచిపోకూడదు.

అలా వెళ్లినప్పుడూ ఒక మాట ముందే చెప్పాలి. 'ఫార్మాట్ కొట్టే ముందు నాకు చెప్పండి. ఫొటోలు నకలు తీయకుండా ముట్టుకోవద్దు.' మంచి మెకానిక్ ఎవరూ ఆ మాటకు నొచ్చుకోరు. పని ఒత్తిడిలో ఉన్న కుర్రాడికి ఫార్మాట్ సులువు దారి. మన ఇంటి జ్ఞాపకాల విలువ అతనికి చెప్పాల్సింది మనమే.

అసలు అప్‌డేట్ చేయాలా?

బాగా నడుస్తున్న బండి ఇంజిన్ విప్పుతామా? డ్రైవర్లకూ ఇదే వర్తిస్తుంది. కొత్త ఆటలు ఆడే పిల్లలున్న ఇంట్లో, కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేచోట అప్‌డేట్ పనికొస్తుంది. భద్రతా లోపాన్ని సరిచేసేదైతే వేసుకోవాల్సిందే. మిగతావాళ్లు వచ్చిన ప్రతి అప్‌డేట్ వెంటా పరుగెత్తనక్కర్లేదు. వేసేటప్పుడు కూడా పగటిపూట, యూపీఎస్ ఉన్నప్పుడు, మరుసటి రోజు అత్యవసరం ఏదీ లేనప్పుడు వేసుకుంటే మంచిది. ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ... మూడింటికీ హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. అయినా మన గదిలో కరెంటు పోతుందో లేదో వాళ్లకేం తెలుసు!

'మీ డ్రైవర్లన్నీ మేం సరిచేస్తాం' అంటూ ఊరించే ప్రకటనల జోలికి మాత్రం వెళ్లొద్దు. కొన్ని తప్పు డ్రైవర్లు వేస్తాయి, కొన్ని అక్కర్లేని చెత్తను దించుతాయి. 'మీ కంప్యూటర్‌లో లోపం కనిపించింది, మేం బాగుచేస్తాం' అని ఎవరైనా ఫోన్ చేసి ఏదో యాప్ వేయమంటే వెంటనే పెట్టేయండి... యాప్ కాదు, ఫోన్! డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయాలి.

స్వామి ముఖం తేటపడింది

ఆళ్లగడ్డ ఇంట్లో ఆదివారం పొద్దున ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. నంద్యాల నుంచి కూతురు చెబుతోంది. ఇక్కడ తండ్రి నొక్కుతున్నాడు. పక్కింటి కుర్రాడూ వచ్చి కూర్చున్నాడు. మొదట ఫొటోలన్నీ బయటి హార్డ్ డిస్కులోకి వెళ్లాయి. దానికే గంటన్నర పట్టింది. ఆ తర్వాత డివైస్ మేనేజర్‌లో 10డీఈ కనిపించింది.

''జీటీఎక్స్ 1050 అని అట్టపెట్టె మీద ఉంది మ్మా.''

''అయితే 581 నంబరుది దించు నాయనా. అన్నిటికంటే కొత్తది మనకొద్దు. మన కార్డుకు తగింది చాలు.''

సేఫ్ మోడ్. డీడీయూ. మళ్లీ రీస్టార్ట్. తెర ఒకసారి నల్లబడింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. తెర రెపరెపలాడింది. గుర్తులు ఒక్కసారిగా చిన్నవై తమ చోట్లకు వెళ్లి కూర్చున్నాయి.

ఆయన ముందుగా తెరిచింది ఎప్పుడో లారీ ఎక్కించి పంపిన ఓ నరసింహస్వామి ఫొటో. జూలులో ఒక్కో గీతా విడివిడిగా కనిపిస్తోంది. కొత్త కార్డు కొనలేదు. ఫార్మాట్ కొట్టలేదు. వంటింట్లోంచి ఇంటామె తొంగిచూసి 'ఉన్నాయా?' అంది. 'అన్నీ ఉన్నాయ్' అన్నాడాయన.

రెండువారాల తర్వాత కూతురు ఇంటికి వచ్చి వెళ్తున్నప్పుడు బ్యాగులో ఊరగాయ సీసా పక్కన ఇంకో చిన్న పొట్లం చేరింది. అందులో ఉన్నది ఆ హార్డ్ డిస్కు. ఒక నకలు ఇంట్లో, ఇంకోటి ఆ అమ్మాయి దగ్గర. ఈసారి ఏం జరిగినా ఫొటోలు పోవు.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల బస్సు ఎక్కింది చివరికి అదొక్కటే. పెట్టె మాత్రం ఇంట్లోనే ఉంది!